గడి ముందు ఇంజను ఆగకూడదు

మా మోటరుకు రోగం ఒకటే. పెడల్ మీద కాలు ఉన్నంతసేపు బాగానే పోయేది, కాలు తీస్తే చచ్చేది. నారాయణఖేడ్ బజారులో చచ్చినా, మనూర్ దారిలో చచ్చినా మాకు పెద్ద చింత లేదు. మా ఆయన దిగి, ముందుకు వెళ్ళి, హాండిలు పెట్టి తిప్పేవాడు. తిరిగితే తిరిగేది, లేకపోతే నేనూ దిగి వెనక నుంచి తోసేదాన్ని. కానీ ఒక్క చోట మాత్రం అది చావడానికి వీల్లేదు. ఆ చోటు గడి వాకిలి.

గడి అంటే దొర ఉండే పెద్ద కోటలాంటి ఇల్లు. మనూర్ వైపు పోయే బాట మీద ఉన్న ఒక ఊళ్ళో ఉండేది. ఆ ఊరి పేరు చెప్పను. చెప్తే ఆ గోడలను గొప్ప చేసినట్లవుతుంది, ఆ పని నేను చేయను. ఇది రెండో పెద్ద యుద్ధానికి ముందు, నిజాం కాలంలో, మా ఖేడ్ ఇంకా బీదరు జిల్లాలో ఉన్నప్పటి మాట. ఆ వాకిలి ముందు నుంచి ఎవరూ ఏ బండి మీదా కూర్చుని పోకూడదు. ఎడ్లబండి అయినా, గుర్రమైనా, సైకిలైనా దిగాలి. చెప్పులు చేత పట్టుకోవాలి. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి. ఈ నియమం ఏ కాగితం మీదా లేదు. వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడే కావలివాడే దానికి కాగితం.

మా అత్తమ్మకు తుంటి ఎముక విరిగి సరిగా అతుకలేదు. కర్ర ఊతంతో ఇంట్లో తిరగడమే గండం. ఒక ఎండాకాలం ఆమె బిడ్డను, అంటే నా ఆడబిడ్డను, చూడటానికి బండి కట్టుకుని పోతున్నాం. ఆడబిడ్డ ఇల్లు గడి దాటాక వచ్చే ఊళ్ళో. వాకిలి దగ్గర కావలివాడు బండి ఆపాడు. అవ్వ నడవలేదని మా ఆయన చేతులు జోడించి చెప్పాడు. పైన దొర కూర్చున్నాడు, చూస్తున్నాడు, దించమని వాడు అన్నాడు. అత్తమ్మ దిగింది. బండి చక్రం పట్టుకుని నడిచింది. సగం దూరంలో కాలు నిలవక కూలబడితే, కూర్చోవద్దు, లేవమని కర్రతో నేల మీద కొట్టాడు. నేను ఒక రెక్క, మా ఆయన ఒక రెక్క పట్టుకుని దాటించాం. తిరుగు దారిలో వాగు మీదుగా చుట్టు బాటన తెచ్చాం. ఇంటికి వచ్చాక ఆమె అన్నం ముట్టలేదు. ఆ వాకిట్లో తన కాలు మళ్ళీ పెట్టనని మెడలోని లింగం చేత పట్టుకుని చెప్పింది. నాకు ఆ రోజు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళయినా అది పూర్తిగా పోలేదు, పోవాలని నేనూ కోరుకోవడం లేదు.

తర్వాత ఆడబిడ్డకు కొడుకు పుట్టాడు. అమ్మమ్మ వాణ్ణి చూడలేదు. ఆ చుట్టు బాట ఉంది కానీ అది వాగు, బండరాళ్ళు. మళ్ళీ ఆ కుదుపులకు ఆమె తుంటి ఆగదు. వాడు బోర్లపడ్డాడని కబురు వచ్చింది, పాకుతున్నాడని కబురు వచ్చింది, నడుస్తున్నాడని కబురు వచ్చింది. ప్రతి కబురుకూ ఆమె ఊఁ అని తల తిప్పుకునేది.

మా ఆయనకు బట్టల అంగడి. బీదరు నుంచి మూటలు తేవడానికని అక్కడి ఒక వకీలు అమ్మేసిన పాత మోటరు కొన్నాడు. పైన గుడ్డ కప్పు, పక్కన నిలబడే మెట్లు, ముందు రెండు పెద్ద దీపాలు. ఒకటే వెలిగేది. మీట నొక్కితే ఇంజను అదే మొదలయ్యే సెల్ఫు ఎప్పుడో చచ్చింది. స్టీరింగు దగ్గర చేత్తో పెట్రోలు పెంచే మీట విరిగిపోయింది. మిగిలింది హాండిలు ఒకటే. అది చూడగానే నాకు మూటలు గుర్తు రాలేదు, గడి గుర్తు వచ్చింది.

ఎందుకంటే మోటర్లు వచ్చాక గడివాళ్ళు ఇరుకున పడ్డారు. దొరకే మోటరుంది. మోటరులో వచ్చే సర్కారు అధికారిని దిగమంటే నడవదు. అందుకని నియమానికి ఒక అతుకు వేశారు. మోటరులో కూర్చుని పోవచ్చు, కానీ మనిషి నడిచినంత మెల్లగా పోవాలి, హారన్ కొట్టకూడదు, రొద చేయకూడదు. గడి నుంచి మనుషులో పశువులో బయటికి వస్తుంటే ఆగాలి. అక్కడ ఇంజను ఆగిపోయిందంటే మాత్రం అది మోటరు కాదు, వట్టి బండి. అందరూ దిగి, చెప్పులు చేత పట్టుకుని గోడ చివరిదాకా తోసుకుంటూ పోవాలి. ఒకసారి కిరాయి బస్సు అలా చచ్చిందట. అందులో ఉన్నవాళ్ళంతా దిగి తోస్తుంటే గడి మేడ మీద నుంచి నవ్వులు వినబడ్డాయని బజారంతా చెప్పుకున్నారు.

మా మోటరును గడి వాకిట్లో నిలబెడితే మా ఆయన రెండు కాళ్ళూ క్లచ్చి మీద ఒకటి, బ్రేకు మీద ఒకటి ఉంటాయి. పెట్రోలు పెడల్ మీద పెట్టడానికి దేవుడు మూడో కాలు ఇవ్వలేదు. కాలు పెట్టకుండానే ఇంజను తనంతట తాను తిరుగుతూ ఉండాలి. దాన్ని బీదరు మిస్త్రీ స్లో అనేవాడు. మా మోటరుకు లేనిది ఆ స్లో. దాన్ని తెప్పిస్తానని నేను మా ఆయనతో అన్నాను. ఆయన నా మొహం చూసి, రొట్టెలు చేసే చేతులకు ఇదొకటి తక్కువైందా అన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా పట్టుదల వచ్చింది.

మిస్త్రీ చెప్పింది ఆయనకు తెలుసు, చేసే ఓపిక లేదు. నాకు ఓపిక ఉంది, తెలియదు. కాబట్టి ఆయన చెప్పేవాడు, నేను చేసేదాన్ని. అంగడి మూసే మధ్యాహ్నపు వేళ పెద్ద తలుపులు వేసి, వెనక వాకిట్లో మోటరు నిలబెట్టి, గాజులు మోచేతిదాకా ఎక్కించి బానెట్టు లేపాను. గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకు పంపేది కార్బొరేటర్. కార్బొరేటర్‌కు రెండు మరలు. ఒకటి దాని గొంతులోని రేకు తలుపు పూర్తిగా మూసుకోకుండా ఆపేది. రెండోది కాలు తీసినప్పుడు ఇంజనుకు పోయే గాలి, పెట్రోలు పాళ్ళు చూసేది.

మొదటి మరను బిగిస్తే ఇంజను చావడం లేదు. మా ఆయన పని అయిపోయిందన్నాడు. నాకు నమ్మకం లేక వాకిట్లోనే ముందుకు నడపమన్నాను. క్లచ్చి వదలగానే మోటరు ఎగిరి గడ్డివాము మీదికి పోయింది. అది స్లో కాదు, ఆ రేకు తలుపు సందు పెంచి ఇంజనును పరుగెత్తించడం. ఆ పరుగుతో గడి ముందుకు పోతే ఎవరో ఒకరి మీద పడతాం. మరను మళ్ళీ వదులు చేశాను, ఇంజను మళ్ళీ చచ్చింది.

ఇక్కడ ఇంకో చిక్కు. పరీక్ష చేస్తున్నప్పుడు కాలు తీయమంటే మా ఆయన తీసేవాడు కాదు. తీశానని ఒట్టేసేవాడు. ఇంజను చావబోతున్నట్టు వినబడగానే ఆ కాలు దానంతట అది పెడల్ మీదికి పోయేది. నేను మర తిప్పి బాగైందని సంబరపడితే, అది ఆయన కాలు చేసిన బాగు. చివరికి సీటు మీద మఠం వేసుకుని కూర్చోమన్నాను. భోజనానికి కూర్చున్నట్టు స్టీరింగు ముందు కాళ్ళు మడుచుకుని కూర్చున్న మా ఆయనను చూసి అత్తమ్మ అరుగు మీద నుంచి నవ్వింది. ఆమె నవ్వు విని చాలా కాలమైంది. ఆయన మొహం ముడుచుకున్నాడు కానీ కాళ్ళు మాత్రం దించలేదు.

కార్బొరేటర్ విప్పి గాసనూనెలో, అంటే కిరసనాయిలులో, కడిగాను. అందులో చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాని మధ్య సూది కూడా పట్టనంత సన్నని రంధ్రం. కాలు తీసినప్పుడు ఇంజను తాగే పెట్రోలంతా ఆ రంధ్రం గుండానే రావాలి. అందులో ఏళ్ళ మురికి ఉంది. దేంతో తీయాలో తోచలేదు. అప్పుడే అత్తమ్మ లింగపూజకు వత్తులు చేసి పళ్ళెంలో పెట్టింది. మా ఇంటి వత్తి అంటే తొడ మీద పేని పేని దారంలా చేసిందే. ఒకటి తీసుకుని కొన తడి చేసి రంధ్రంలో పెట్టి లాగాను. వత్తి నల్లగా వచ్చింది. నేను చేసిన పని నాకు భలే నచ్చింది.

అన్నీ బిగించి హాండిలు తిప్పితే ఇంజను ముందుకన్నా పాడైంది. రెండో మరను లోపలికి తిప్పినా, బయటికి తిప్పినా మార్పే లేదు. అంతకు ముందు ఆ మర తిప్పితే కనీసం గొంతు మారేది. ఇప్పుడు అదీ లేదు. మర పాడైందని ఆయన, కాదని నేను. చాలాసేపు వాదించుకున్నాం. మర తిప్పినా మార్పు లేదంటే ఆ దారిలో పెట్రోలే రావడం లేదన్నమాట, అంతేకదా అని నాకు నేనే చెప్పుకుని మళ్ళీ విప్పాను. ఇత్తడి ముక్కను ఎండకు పెట్టి చూస్తే రంధ్రంలో వెలుగు లేదు. నోట్లో పెట్టుకుని ఊదాను. గాసనూనె కంపు గొంతులోకి పోయింది, దూదిపోగు ఒకటి బయటికి వచ్చి నా పెదవికి అతుక్కుంది. తన వత్తి ముట్టుకున్నానని తెలిసి అత్తమ్మ నాలుగు తిట్టింది. తర్వాత తనే లోపలికి వెళ్ళి, గుర్రపు తోకవెంట్రుక తెచ్చి ఇచ్చింది. అది మా మామ ఉన్నప్పటి గుర్రానిదట, జీను సంచిలో దాచిందట.

వెంట్రుకతో రంధ్రం తెరుచుకుంది. ఇప్పుడు మర మాట వినసాగింది. లోపలికి తిప్పితే ఇంజను ఎక్కిళ్ళు పెట్టేది, బయటికి తిప్పితే బరువుగా పొగ వదిలేది, ఆ రెంటి మధ్య ఒక చోట కుదురుగా తిరిగేది. కానీ ఆ కుదురు నిలవడం లేదు. ఉన్నట్టుండి వేగం పెరిగేది, మళ్ళీ పడిపోయేది. ఎక్కడో దొంగగాలి పోతున్నదని మా ఆయన అన్నాడు. కార్బొరేటర్ ఇంజనుకు అతుక్కునే చోట చుట్టూ గుడ్డముక్కతో కొంచెం కొంచెం ఇంజనునూనె పూస్తూ వచ్చాను. ఒక మూల నూనె తగలగానే ఇంజను గొంతు మారి కుదుటపడింది. నూనె లోపలికి పోగానే మళ్ళీ మొదలు. ఆ మూలే సందు. అతుకు మధ్య ఉండే అట్ట ఎండి చీలింది. అంగడిలో బట్టలు వచ్చే పెట్టె అట్టను కత్తెరతో అదే ఆకారానికి కోసి, నూనెలో నానబెట్టి బిగించాను. ఆ కత్తెర తర్వాత బట్టకు పనికి రాలేదు, ఆయన చాలా రోజులు దాని మీద సణిగాడు.

మోటరు ఇప్పుడు నిలబడి తిరుగుతున్నది. బానెట్టు మీద చెంబు నిండా నీళ్ళు పెట్టాను. నీళ్ళు వణికాయి కానీ ఒలకలేదు. మా ఆయన మఠం వేసుకునే నవ్వాడు. పోదామా అని అత్తమ్మను అడిగాను.

ఆమె ఒప్పుకోలేదు. "ఖాళీ బండి నిలబడితే ఏంది బిడ్డా. నేను కూసుంట, ఎండల. అప్పుడు నిలబడాలె" అన్నది.

మరునాడు నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మోటరు బాగా తిప్పుకుని వచ్చి, వేడి మీదే వాకిట్లో నిలబెట్టాం. అత్తమ్మను ఎత్తి వెనక సీటులో కూర్చోబెట్టాం. ఆమె చేటలో కందిపప్పు పోసుకుని వచ్చింది. ఈ పప్పులో రాళ్ళు ఏరడం అయ్యేదాకా ఇంజను ఆగకూడదు, అదీ ఆమె పెట్టిన పరీక్ష. తాపీగా ఏరుతున్నది. సగం పప్పు కూడా కాకముందే ఇంజను దగ్గి చచ్చింది. ఆమె చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

పెట్రోలు వచ్చే సన్న గొట్టం ముట్టుకుంటే చేయి కాలింది. పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతున్నది. కూజాకు తడిగుడ్డ చుడతాం కదా అని గొట్టానికీ తడిగుడ్డ చుట్టాను. ఆరితే మళ్ళీ నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను. ఆమె మిగిలిన పప్పు మళ్ళీ మొదలుపెట్టింది. ఏరింది, చెరిగింది, రాళ్ళు కొంగున మూట కట్టింది. ఇంజను తిరుగుతూనే ఉంది. మా ఆయనకు కాళ్ళు తిమ్మిరెక్కి దిగమంటే దిగలేకపోయాడు. అత్తమ్మ మాత్రం, "ఇగ పోదాం" అన్నది.

పోయాం. గడి ఊరి పొలిమేరలో ఆగి గొట్టం మీద గుడ్డను తడిపాను. మా ఆయన మెడ మీద చెమట కారుతున్నది. ఆయన పిరికివాడని నేను అనను. ఆ గడికి పండగ బట్టలు మా అంగడి నుంచే పోయేవి, ఆ భయం ఆయనది. మొదటి గేరులో, మనిషి నడక కన్నా మెల్లగా వాకిలి దాకా పోయాం. అప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు. గడి బర్రెలు ఒకటొకటి బయటికి రాసాగాయి. వాటిని ఎవరూ అదిలించడం లేదు. వాడు మమ్మల్ని గుర్తుపట్టాడు, అత్తమ్మను కూడా గుర్తుపట్టాడు. వాడి మొహంలో అది కనిపించింది.

బర్రెలు నిలబడ్డాయి, మేమూ నిలబడ్డాం. ఇంజను నేను దిద్దినట్టే తిరుగుతున్నది, మెల్లగా, రొద లేకుండా. బర్రెల గంటల చప్పుడులో అది వాడికి వినబడలేదు. వాడు మోటరు దగ్గరికి వచ్చి చెవి పెట్టినట్టు నటించి, మా ఆయనతో అన్నాడు:

"మోటరు సచ్చింది. ఇగ దిగుండ్రి."

మా ఆయన చేయి మోటరు తలుపు మీదికి పోయింది. భయంలో అది తిరుగుతున్నదో లేదో ఆయనకే తెలియలేదు. నేను ఆ చేయి పట్టుకున్నాను, ఊరికే పట్టుకోలేదు, గోళ్ళు దిగేలా పట్టుకున్నాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది. కోపం వస్తే ఆమెకు ముందు కన్నడమే వచ్చేది. "నా ఇళియంగిల్ల" అన్నది. నేను దిగను అని. వాడికి అర్థం కావాలని తెలుగులోనూ చెప్పింది.

"నేను దిగ. సచ్చిందో బతికిందో చెయ్యి పెట్టి సూడు."

వాడు నవ్వుతూ బానెట్టు మీద అరచేయి ఆనించాడు. నవ్వు ఆగింది. కింద ఇంజను వాడి చేతిని వణికిస్తున్నది, బానెట్టు రేకు కాలుతున్నది. చేయి తీసుకుని పైకి, మేడ కిటికీ వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఇంజను ఆగితే దించమని వాడికి చెప్పారు, ఇంజను ఆగకుండా మోటరు నిలబడి ఉంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. బర్రెలు కూడా వాటంతట అవే కదిలిపోయాయి. మా ఆయన క్లచ్చి వదిలాడు. గోడ చివరిదాకా మెల్లగానే పోయాం. దాటాక వెనక్కి చూస్తే అత్తమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నాకూ అప్పుడే ఏడుపు వచ్చింది, ఆపుకోవాలని అనిపించలేదు.

మనవడు ఆమెను చూసి మొదట జడిసి తల్లి వెనక దాక్కున్నాడు. సాయంత్రానికి ఒళ్ళో నిద్రపోయాడు. కాలు మొద్దుబారినా ఆమె వాణ్ణి దించలేదు.

దీనికి మేము తర్వాత అనుభవించింది ఉంది. ఆ ఏడు పండగ బట్టలు గడికి మా అంగడి నుంచి పోలేదు, ఆ తర్వాతా పోలేదు. మా ఆయనను పిలిపించి ఎండలో నిలబెట్టారు కూడా. జరిగింది కాబట్టి చెప్తున్నాను. అయినా ఆ ఏడాదిలో నేను మళ్ళీ మళ్ళీ చెప్పుకునేది అది కాదు, తిరిగి వచ్చేటప్పుడు జరిగింది.

గొట్టం తడిపి, మెల్లగా మళ్ళీ అదే వాకిలి దగ్గరికి వచ్చాం. ఈసారి బర్రెలు లేవు, అడ్డం ఎవరూ రాలేదు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కావలివాడు కర్ర కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. మేడ మీద కుర్చీలో ఒక మనిషి కనిపించాడు. దాటిపోతున్నాం, ఇంకొంచెం ఉంటే అయిపోయేది. అత్తమ్మ కొడుకు భుజం మీద చేయి వేసింది.

"ఆపు కొడకా. ఆకు ఏసుకుంట."

ఆయన ఆపాడు. ఎందుకు ఆపాడో ఆయనకే తెలియదేమో. ఒక కాలు క్లచ్చి మీద, ఒక కాలు బ్రేకు మీద. అత్తమ్మ ఒళ్ళో తమలపాకుల సంచి విప్పింది. ఆకు తీసి, తొడిమ తుంచి, ఈనెలు గిల్లింది. వేలితో సున్నం రాసింది. వక్క చిన్నగా కత్తిరించి, మడిచి, నోట్లో పెట్టుకుని నమలసాగింది. పైనున్న మనిషి కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు. ఇంజను తిరుగుతున్నది. ఎవరూ మమ్మల్ని దిగమనలేదు. ఆమె మరో ఆకు మడిచి నాకు ఇచ్చింది, నేనూ నమిలాను.